ర్యాక్ ప్రీయాంపులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత ర్యాక్ గిటార్ ప్రీయాంపుల మీద కొంతకాలంగా ప్రశ్నలు పేరుకుపోయాయి. 1980ల చివర్లో, 1990ల మొదట్లో గిటార్ సిగ్నల్‌ని పవర్ యాంప్‌కి వెళ్లేలోపు పెంచి టోన్ దిద్దడానికి అమెరికా, బ్రిటన్ కంపెనీలు చేసిన 19 అంగుళాల వెడల్పు పెట్టెలివి. అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఊరికి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో పెట్టించి తెప్పించుకుంటున్నవాళ్లు మన పాఠకుల్లో చాలామందే ఉన్నట్టున్నారు. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఏడీఏ ఎంపీ-1, మార్షల్ జేఎంపీ-1, మెసా బూగీ ట్రయాక్సిస్. మూడింటిలోనూ ఉన్నవి 12ఏఎక్స్7 రకం వాక్యూమ్ ట్యూబులే. మొదటి రెండింటిలో రెండేసి, ట్రయాక్సిస్‌లో ఐదు. ఐదున్నదే మేలైనదా? టోన్‌లో తేడా అసలు ఎక్కడి నుంచి వస్తుంది? (హైదరాబాద్)

ట్యూబుల లెక్కతో టోన్ తేలదు. ముందు అడగాల్సింది, బేస్, మిడ్, ట్రెబుల్ నాబులు డిస్టార్షన్‌కి (సిగ్నల్ నలిగి గరుకెక్కే చోటుకి) ముందున్నాయా, వెనకున్నాయా అని. ఈ మూడింటి మధ్య తేడాలో పెద్ద వాటా దానిదే.

మెసా మార్క్ సిరీస్ యాంపుల్లో టోన్ కంట్రోళ్లు మొదటి గెయిన్ దశ (సిగ్నల్‌ని పెంచే మెట్టు) దాటగానే వస్తాయి. అసలు డిస్టార్షన్ వాటి తర్వాత పుడుతుంది. ట్రయాక్సిస్ లీడ్ మోడ్‌లదీ అదే వంశం. అంచేత అక్కడ ట్రెబుల్ పెంచితే శబ్దం పదునెక్కడమే కాదు, గెయిన్ కూడా పెరుగుతుంది. బేస్ పెంచితే ఆ లావు శబ్దమంతా తర్వాతి దశల్లోకి దూరి, అక్కడ నలిగి బురదగా బయటికొస్తుంది. ట్రయాక్సిస్ కొన్న కొత్తలో చాలామంది బేస్ 6లో పెట్టి, ‘ఇదేం మెసా, గుల్లగా ఉంది’ అని తిట్టుకునేది ఇందుకే. ఎక్కువ గెయిన్ వాడేటప్పుడు బేస్ 1.5 నుంచి 2.5 దాటనివ్వకండి. ట్రెబుల్ 7, మిడ్ 4 దగ్గర మొదలుపెట్టండి. తగ్గించిన బేస్‌ని వెనక్కి తెచ్చే పని డైనమిక్ వాయిస్‌ది. పాత మార్క్ యాంపుల మీద ఐదు స్లైడర్ల ఈక్వలైజర్‌ని ‘వి’ ఆకారంలో పెట్టేవాళ్లు కదా, దాన్నే ఒక్క కంట్రోల్‌లోకి దించారు. డిస్టార్షన్ అయ్యాక పనిచేస్తుంది కాబట్టి బేస్ ఎంత పెంచినా బిగువు సడలదు. 5 దగ్గర మొదలుపెట్టి చెవికి తగ్గట్టు మార్చుకోండి. 1980ల మెటల్ రిథమ్ కావాలంటే ముందు లీడ్ 2 ఎల్లో వినండి. మెసా పాత యాంపు మార్క్ టూ సీ ప్లస్‌కి దగ్గరిదని వాడకందారులు ఎక్కువగా చెప్పుకునేది ఆ మోడ్‌నే.

మార్షల్ సంప్రదాయం దీనికి తలకిందులు. జేసీఎం800 తరహా యాంపులో గెయిన్ దశలన్నీ అయ్యాకే టోన్ కంట్రోళ్లు వస్తాయి. మరి బేస్ డిస్టార్షన్‌లోకి దూరకుండా ఆపేదెవరు? మొదటి ట్యూబు దగ్గరున్న ఒక చిన్న కెపాసిటర్. ఫెండర్ యాంపుల్లో కాథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) దగ్గర 1.5 కిలో ఓమ్ రెసిస్టర్‌కి పక్కన 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. లెక్క కడితే పెంపు తగ్గడం మొదలయ్యే హద్దు దాదాపు 4 హెర్ట్జ్, అంటే గిటార్ స్వరాలన్నీ సమానంగా పెరుగుతాయి. మార్షల్‌లో ఆ చోట 2.7 కిలో ఓమ్, 0.68 మైక్రోఫారడ్ ఉంటాయి. లెక్క దాదాపు 87 హెర్ట్జ్‌కి వస్తుంది, ట్యూబు లోపలి నిరోధం కలిస్తే ఇంకాస్త పైకి పోతుంది. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్. అంటే కింది స్వరాలకి పెంపు తక్కువ, మిడ్‌కి ఎక్కువ. మార్షల్ ‘కరకర’ అక్కడే మొదలవుతుంది. జేఎంపీ-1 ఈ పాత యాంపుల నకలు కాదు. అందులో ట్యూబులతో పాటు ఆప్-యాంపులూ (సిగ్నల్‌ని పెంచే చిప్పులు) పనిచేస్తాయి. అయినా చెవికి తెలిసే స్వభావం ఆ వంశానిదే: మిడ్ ముందుకి, బేస్ బిగువుగా, ఈక్యూ (ఈక్వలైజర్) చివర్లో. గెయిన్ 0 నుంచి 20, ఈక్యూ మైనస్ 6 నుంచి ప్లస్ 6. రెండు ఓవర్‌డ్రైవ్ ఛానెళ్లలో ఓడీ1 పాత రాక్‌కి, ఓడీ2 ఎక్కువ గెయిన్‌కి. ఓడీ1లో గెయిన్ 14, బేస్ 1, మిడ్ 2, ట్రెబుల్ 0, ప్రెజెన్స్ 1 పెట్టి వినండి. బేస్ షిఫ్ట్ మొదట ఆపేసి ఉంచండి.

ఎంపీ-1 ఈ రెండు దారుల్లోనూ నడవదు. 1987లో వచ్చిన ఈ పెట్టె, మిడీతో (సంగీత యంత్రాల మధ్య ఆదేశాలు పంపే పద్ధతితో) ప్రోగ్రామ్ చేసుకునే ట్యూబ్ ప్రీయాంపుల్లో తొలి తరానిది. ప్రీసెట్లు (దాచుకునే సెట్టింగులు) 128. సాలిడ్ స్టేట్, క్లీన్ ట్యూబ్, డిస్టార్షన్ ట్యూబ్ అని మూడు వాయిస్‌లు. దీని ఈక్యూ యాక్టివ్. మార్షల్, ఫెండర్‌లలోని పాసివ్ టోన్ కంట్రోళ్లు అన్నీ మధ్యలో పెట్టినా ఎంతోకొంత మిడ్‌ని తినేస్తాయి. యాక్టివ్ ఈక్యూ సున్నాలో ఉంటే ఏమీ తినదు. అందుకే ఎంపీ-1 అన్నీ సున్నాలో పెడితే మొద్దుగా, మిడ్ ఉబ్బినట్టు వినిపిస్తుంది. చేయాల్సింది మిడ్ 3, 4 డీబీ (డెసిబెల్) తగ్గించి, ట్రెబుల్, ప్రెజెన్స్ రెండేసి డీబీ పెంచడం. నున్నగా, కాస్త దగ్గరికి నొక్కిపెట్టినట్టుండే దాని లీడ్ శబ్దం వేగంగా వాయించేవాళ్ల వేళ్లకి బాగా నప్పుతుంది. వేగానికి పేరున్న గిటారిస్టు పాల్ గిల్బర్ట్ దాన్ని వాడింది ఊరికే కాదు. అందులోని స్టీరియో కోరస్‌ని ఇప్పుడు వెక్కిరించేవాళ్లున్నారు గానీ, క్లీన్ ట్యూబ్ వాయిస్‌తో కలిపి డెప్త్ తక్కువగా పెడితే అది ఈ రోజుకీ బాగుంటుంది.

మా అభిప్రాయం అడిగితే: రిథమ్ బిగువుకి ట్రయాక్సిస్, బ్యాండ్ మధ్యలో గిటార్ విడిగా, స్పష్టంగా వినిపించడానికి జేఎంపీ-1, లీడ్‌కి ఎంపీ-1.

ప్రశ్న: మూడింటిలో రెండు మా స్నేహితుల దగ్గర ఉన్నాయి. పక్కపక్కన పెట్టి పోలుస్తుంటే ఏది ముందు వింటే అది బాగున్నట్టుంది. పద్ధతి ఏమైనా ఉందా? (విశాఖపట్నం)

మీ చెవుల తప్పేం లేదు. శబ్దం ఒక్క డీబీ ఎక్కువున్నా మనసు దాన్నే ‘మంచి టోన్’ అంటుంది.

ఇలా చేయండి. గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి నేరుగా కలిపి 30 సెకన్ల వాయింపు పొడిగా రికార్డ్ చేయండి. కొంత రిథమ్, ఒక తీగ మీద నెమ్మదైన స్వరాలు, గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించి వాయించింది కొంత, మూడూ అందులో ఉండాలి. ఆ రికార్డింగ్‌ని రీయాంప్ బాక్సు (లైన్ సిగ్నల్‌ని గిటార్ స్థాయికి దించే పెట్టె) ద్వారా రెండు ప్రీయాంపులకీ పంపండి. ఒకే కేబుల్, ఒకే పవర్ యాంప్, ఒకే స్పీకర్, మైకు కదలకూడదు. రికార్డయ్యాక రెండు ట్రాకుల సగటు స్థాయి 0.5 డీబీ తేడా లోపలికి తెండి. పీక్ మీటర్ చూడకండి, అది మోసం చేస్తుంది. రీయాంప్ బాక్సు లేకుండా ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌ని నేరుగా ప్రీయాంప్‌కి పెడితే గిటార్ కంటే చాలా ఎక్కువ వోల్టేజీ పోయి మొదటి దశే నలిగిపోతుంది, పోలికకి అర్థం ఉండదు.

గిటార్ వాల్యూమ్ తగ్గించిన భాగాన్ని ఎక్కువసేపు వినండి. ప్రీయాంపుల అసలు స్వభావం ఫుల్ గెయిన్‌లో దాక్కుంటుంది, వాల్యూమ్ తగ్గించిన చోట బయటపడుతుంది.

ప్రశ్న: సోల్డానో ఎక్స్88ఆర్ గురించి గొప్పగా చెబుతారు. మిడీ కూడా లేని దానికి అంత ధర ఎందుకు? (న్యూజెర్సీ)

మైక్ సోల్డానో ఎస్ఎల్ఓ-100 యాంపుతో పేరు తెచ్చుకున్నాక 1988 ప్రాంతంలో తెచ్చిన మూడు ఛానెళ్ల ప్రీయాంప్ ఇది. ఒక్కో ఛానెల్‌కి సొంత నాబులు. నాబు ఎక్కడుందో అక్కడే టోన్, మధ్యలో డిజిటల్ స్విచ్చుల బేరం లేదు. ఎస్ఎల్ఓ శబ్దంలోని కీలకం ఒక దశలో కాథోడ్ రెసిస్టర్‌ని 39 కిలో ఓమ్‌కి పెంచడం. జేసీఎం800లో ఆ చోట 10 కిలో ఓమ్. రెసిస్టర్ పెద్దదైతే ట్యూబు దాదాపు ఆరిపోయే అంచున నడిచి, తరంగాన్ని ఒకవైపే గట్టిగా కోస్తుంది. ఆ దట్టమైన సస్టెయిన్‌కి (స్వరం చాలాసేపు సాగడానికి) అదొక కారణం.

స్టీవ్ లుకాథర్ లాంటి లాస్ ఏంజెలెస్ స్టూడియో గిటారిస్టుల ర్యాకుల్లో కనిపించడంతో ధర పెరిగింది, తయారైనవీ తక్కువే. తర్వాత వచ్చిన ఎక్స్99లో మిడీ పెట్టారు. ప్రీసెట్ మార్చితే లోపలి మోటార్లు నాబుల్ని వాటంతటవే తిప్పుతాయి. చూడముచ్చటగా ఉంటుంది గానీ మోటార్ చెడితే బాగుచేయడం పెద్ద తలనొప్పి. వాయించడానికే కొంటున్నట్టయితే ఎక్స్88ఆర్ చాలు.

ప్రశ్న: డల్లాస్ నుంచి బావగారు ఎంపీ-1 తెస్తున్నారు. వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉందట. ఇక్కడ స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలా? (విజయవాడ)

చాలు, కానీ ఏది పెడతారన్నది ముఖ్యం.

హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ‘కన్వర్టర్’ వద్దే వద్దు. అది తరంగాన్ని ముక్కలుగా కోసి సగటు తగ్గిస్తుంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి పాడవుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండే, రాగి చుట్టల నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ఒక్క ప్రీయాంప్‌కి 100 వీఏ (వోల్ట్-యాంపియర్) సరిపోతుంది. పక్కన ఎఫెక్ట్ యూనిట్ కూడా ఉంటే 200 తీసుకోండి. పవర్ యాంప్ ఉంటే లెక్క వేరు.

అవుట్‌పుట్ 110దా, 120దా అంటే 110దే మేలంటాం. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుముకి పడే భారం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తెలుస్తుంది. అమెరికాలో 120 బై 60, అంటే 2.0. ఇక్కడ 120 ఇస్తే 120 బై 50, అంటే 2.4. 20 శాతం ఎక్కువ. 110 ఇస్తే 2.2. వేడి, గుర్రుమనే శబ్దం రెండూ తగ్గుతాయి. మరి ట్యూబు ఫిలమెంట్ సంగతి? ఫిలమెంట్ నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీదే నడుస్తుంటే 6.3 రావాల్సిన చోట 5.8 దాకా వస్తుంది. ట్యూబు తట్టుకునే 10 శాతం హద్దులోనే ఉంది. మన లైన్ 245కి పోయిన రోజున 110 కాస్తా 117 అవుతుంది, అదీ ఇబ్బంది కాదు. లైన్ బాగా పడిపోయినప్పుడే చూసుకోవాలి. లోపల డిజిటల్ భాగానికి 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్‌కి 7, 7.5 వోల్టులైనా అందకపోతే డిస్‌ప్లే మినుకుమినుకుమంటూ ప్రీసెట్ తనంతట తానే మారుతుంది. దాన్ని చూసి ప్రీయాంప్ పోయిందనుకోకండి, ముందు లైన్ వోల్టేజీ చూడండి.

ఎర్త్ సంగతి మరీ ముఖ్యం. బజారులో దొరికే స్టెప్-డౌన్ పెట్టెల్లో చాలావాటికి రెండు పిన్నుల అమెరికన్ సాకెట్టే ఉంటుంది, ఎర్త్ అక్కడితో ఆగిపోతుంది. ప్రీయాంప్ ఇనప పెట్టెకీ, గోడలో పెట్టే ప్లగ్గు లావు పిన్నుకీ మధ్య మీటర్ పెడితే 1 ఓమ్ లోపు చూపించాలి. చూపించకపోతే ఎర్త్ వైరు కొనసాగేలా సాకెట్ మార్పించాకే వాడండి. గిటార్ తీగలు మీ చేతిలో ఉంటాయి, అవి ఆ పెట్టెకే కలిసి ఉంటాయి.

ప్రశ్న: జేఎంపీ-1 ఆన్ చేస్తే ప్రీసెట్లన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. నిన్న దాచినవి కూడా లేవు. (గుంటూరు)

మెమరీ బ్యాటరీ అయిపోయింది. ఈ తరం పెట్టెల్లో ప్రీసెట్లు నిలబడేది లోపల బోర్డు మీదున్న 3 వోల్టుల లిథియం కాయిన్ సెల్ బలం మీద. మంచి సెల్ 3.0 పైన చూపిస్తుంది. 2.6కి వచ్చిందంటే మార్చే రోజు దగ్గరపడ్డట్టే.

ఇంకా ప్రీసెట్లు నిలిచి ఉన్న పాఠకులకి ముందుగా చెప్పేది: ప్రతి ప్రీసెట్ విలువలూ కాగితం మీద రాసుకోండి, లేదా డిస్‌ప్లేని వరసగా ఫోన్‌తో ఫోటోలు తీయండి. పాత సెల్ ఊడదీయగానే అన్నీ పోతాయి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీసేసి పావుగంట ఆగండి. ఆగినా నమ్మకండి. ట్యూబుల సప్లై కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టి, పెద్ద కెపాసిటర్ రెండు కాళ్లకీ ఐదారు సెకన్లు తగిలించండి. మీటర్‌లో 5 వోల్టుల లోపు కనిపించాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చటుక్కున మెరిపించే అలవాటు మన మెకానిక్కుల్లో ఉంది. దానివల్ల కెపాసిటర్, బోర్డు ట్రాక్ రెండూ దెబ్బతింటాయి.

బోర్డుకి సోల్డర్ చేసిన సెల్ అయితే మళ్లీ అలాంటిదే సోల్డర్ చేయకండి. కాయిన్ సెల్ హోల్డర్ కొని దాన్ని సోల్డర్ చేసి, సెల్‌ని అందులో దూర్చండి. పాజిటివ్, నెగటివ్ తారుమారు కాకుండా ముందే బోర్డు మీద గుర్తు పెట్టుకోండి. సోల్డరింగ్ వేడి తగిలిన లిథియం సెల్ పేలొచ్చు, కాబట్టి హోల్డర్ చల్లారాకే సెల్ పెట్టాలి. తర్వాత మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్ చేయకపోతే మెమరీలో చెత్త విలువలే ఉండి, కొత్త బ్యాటరీ పెట్టినా బాగుపడలేదన్న భ్రమ కలుగుతుంది.

మూత తీసిన చేత్తోనే ట్యూబు సాకెట్ల కాళ్ల దగ్గర సోల్డర్‌ని భూతద్దంతో చూడండి. వేడికీ చలికీ అక్కడ గుండ్రంగా సన్నటి పగులు పడుతుంది. ఉంటే పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేయండి. డేటా నాబు తిప్పితే అంకెలు ఎగిరెగిరి పడుతున్నా కంగారొద్దు. ఎన్‌కోడర్‌లో మురికి, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలాసార్లు కుదురుతుంది.

ప్రశ్న: ప్రీయాంప్‌ని కీబోర్డ్ యాంప్‌కి కలిపితే తేనెటీగల గోల. క్లీన్ మాత్రం బాగుంది. (వరంగల్)

ప్రీయాంప్ బాగానే ఉంది, లేనిది గిటార్ స్పీకర్. 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక గబగబా పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరుకంతా ఆ పైనే ఉంటుంది. కీబోర్డ్ యాంప్ ట్వీటర్ దాన్ని నిజాయితీగా వినిపిస్తోంది, అంతే.

జేఎంపీ-1 వెనక స్పీకర్ ఎమ్యులేటెడ్ అవుట్‌పుట్లు వేరే ఉన్నాయి, ట్రయాక్సిస్‌కి రికార్డింగ్ అవుట్‌పుట్లున్నాయి. కీబోర్డ్ యాంప్‌కో మిక్సర్‌కో వెళ్లేటప్పుడు అవే వాడండి. మామూలు ఎంపీ-1 అయితే మధ్యలో గిటార్ స్పీకర్‌ని నకలు చేసే క్యాబ్ సిమ్యులేటర్ పెడల్ గానీ, కంప్యూటర్‌లో అదే పని చేసే ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు గానీ ఉండాలి. ఏదీ లేకపోతే మిక్సర్ ఈక్యూలో 5 కిలోహెర్ట్జ్ పైన, 80 హెర్ట్జ్ కింద కోసేయండి. అచ్చంగా కాకపోయినా వినదగ్గట్టు అవుతుంది.

మామూలు గిటార్ కాంబో యాంప్ ఉంటే ఇంకా తేలిక. ప్రీయాంప్ అవుట్‌ని దాని ఎఫెక్ట్స్ రిటర్న్‌లో పెట్టండి. ముందున్న గిటార్ ఇన్‌పుట్‌లో పెట్టొద్దు, ప్రీయాంప్ మీద ప్రీయాంప్ పడుతుంది. రిటర్న్‌లో పెట్టినా శబ్దం పగులుతుంటే స్థాయి చూసుకోండి. ర్యాక్ యంత్రాల ప్లస్ 4 స్థాయి 1.23 వోల్టులు, పెడల్ తరహా మైనస్ 10 స్థాయి 0.316 వోల్టు. దాదాపు 12 డీబీ తేడా. ప్రీయాంప్ అవుట్‌పుట్ సగానికి తగ్గించి అక్కడి నుంచి పెంచుకుంటూ రండి.

ప్రశ్న: మిడీ ఫుట్ పెడల్‌లో 5 నొక్కితే 6 వస్తోంది. ఇంకో పెడల్ అయితే అసలు వెలగడమే లేదు. (తిరుపతి)

మొదటిది చెడు కాదు. మిడీ తీగలో ప్రీసెట్ నంబర్లు 0 నుంచి 127 దాకా పోతాయి. కొన్ని యంత్రాలు వాటిని 0 నుంచి చూపిస్తాయి, కొన్ని 1 నుంచి. పెడల్‌లో ప్రోగ్రామ్ నంబర్ ఒకటి తగ్గించండి, లేదా ప్రీయాంప్‌లో మ్యాపింగ్ పట్టిక ఉంటే అక్కడ సరిచేయండి. ట్రయాక్సిస్‌లో ప్రీసెట్లు 90, జేఎంపీ-1లో 100 మాత్రమే అన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండో పెడల్ బహుశా ప్రీయాంప్ నుంచే కరెంటు తీసుకునే రకం. మామూలు మిడీకి ఐదు పిన్నుల్లో 2, 4, 5 మాత్రమే కావాలి. ఖాళీగా ఉండే 1, 3 పిన్నుల్లో కొన్ని కంపెనీలు పెడల్‌కి కరెంటు పంపుతాయి. చౌక కేబుళ్లలో ఆ రెండు తీగలే ఉండవు. మీటర్‌తో ఐదు పిన్నులూ ఇటు నుంచి అటు కలిసున్నాయో లేదో చూసి కేబుల్ మార్చండి. అడాప్టర్ జాక్ ఉంటే ఏసీనా డీసీనా అన్నది పెడల్ మీద చదివాకే గుచ్చండి.

ప్రశ్న: ర్యాక్‌లో ఏది కలిపినా హమ్ వస్తోంది. ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒక టెక్నీషియన్ అన్నారు. (కర్నూలు)

తీయొద్దు. హమ్ పోతుంది, దాంతో పాటు మీ ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది.

ముందు అది ఏ హమ్మో తేల్చుకోండి. ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. ఆ స్వరం 98 హెర్ట్జ్. హమ్ దానితో కలిసిపోతే అది 100 హెర్ట్జ్, అంటే ముప్ఫయ్యేళ్ల నాటి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి. అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం కొని మార్పించండి. హమ్ ఒక స్థాయి (ఆక్టేవ్) కిందుంటే అది 50 హెర్ట్జ్. ఎర్త్ లూప్ (యంత్రాల మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలవడం) అయినా కావాలి, పక్క యంత్రం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అంటుకున్నదైనా కావాలి.

లూప్ తెలుసుకోవడం తేలిక. పవర్ యాంప్‌కి అన్ని కేబుళ్లూ తీసేయండి. ఒక్కొక్కటే కలుపుతూ రండి, ఎక్కడ హమ్ మొదలైతే దొంగ అక్కడే. ర్యాక్‌లోని యంత్రాలన్నింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అయినా పోకపోతే, ర్యాక్ ఇనప పట్టీ ద్వారా యంత్రాల పెట్టెలు ఒకదానికొకటి తగలకుండా స్క్రూల దగ్గర ప్లాస్టిక్ వాషర్లు వేయండి. ఆఖరి మందు ప్రీయాంప్‌కీ పవర్ యాంప్‌కీ మధ్య ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. అంటుకున్న హమ్ అయితే పవర్ యాంప్‌ని అడుక్కి దించి, ప్రీయాంప్‌ని పై అరకి మార్చి రెండింటి మధ్య ఖాళీ వదలండి. వేడికి కూడా అదే మంచిది.

హమ్ కాక ‘స్‌స్’ మంటుంటే అది గెయిన్ ఎక్కువై వచ్చే హిస్. ఎంపీ-1కి ఈ విషయంలో చెడ్డపేరే ఉంది. ఓవర్‌డ్రైవ్ 1, 2 రెండూ 8 దాటించకండి. ఒకటి పెంచితే రెండోది తగ్గించండి, తర్వాతే నాయిస్ గేట్ మాట.

ప్రశ్న: ట్యూబులు మారిస్తే టోన్ మారుతుందా? బయాస్ సరిచేయించాలా? (కాకినాడ)

ప్రీయాంప్ ట్యూబులకి బయాస్ (ట్యూబులో ఊరికే పారే కరెంటు) సర్దే పని లేదు, కాథోడ్ రెసిస్టరే అది చూసుకుంటుంది. 12ఏఎక్స్7, ఈసీసీ83 రెండూ ఒకటే.

ఆన్‌లో ఉంచి, గెయిన్ మామూలుగా పెట్టి, పెన్సిల్ వెనక భాగంతో ఒక్కో ట్యూబునీ మెల్లగా తట్టండి. టకటక కొంచెం వినిపించడం సహజం. గంట మోగినట్టు సాగితే ఆ ట్యూబు మైక్రోఫోనిక్, మార్చాలి. మూత తీసి ఉంటుంది కాబట్టి పెన్సిల్ తప్ప వేళ్లేవీ లోపలికి పోనివ్వకండి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి.

గెయిన్ మరీ ఎక్కువైతే మొదటి ట్యూబు చోట 5751 పెట్టి చూడండి. 12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100, దీనిది 70. పిన్నులు అవే. క్లీన్ కాస్త విశాలంగా, హిస్ కాస్త తక్కువగా ఉంటుంది. బ్రాండ్ మార్చడం వల్ల వచ్చే తేడా మాత్రం ఈక్యూలో ఒక మెట్టు తిప్పినంత కూడా ఉండదు. పాత స్టాకు ట్యూబులకి వేలు పోసేముందు స్పీకర్ మార్చే సంగతి ఆలోచించండి.

ప్రశ్న: అమ్మే మనిషి ఇంటికెళ్లి చూసేటప్పుడు ఏమేం పరీక్షించాలి? (ఖమ్మం)

మీ గిటార్, మీ కేబుల్, ఒక మిడీ పెడల్ పట్టుకెళ్లండి. యంత్రం చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయమనండి. ముందే వేడెక్కించి పెట్టి ఉంటే అరగంట ఆపి మళ్లీ పెట్టమనండి, పగిలిన సోల్డర్ చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఒక ప్రీసెట్ మార్చి దాచి, ప్లగ్గు తీసి పది నిమిషాలాగి మళ్లీ చూడండి, బ్యాటరీ సంగతి తెలుస్తుంది. ప్రతి బటన్, ప్రతి ఛానెల్ లేదా వాయిస్, ఎడమ, కుడి అవుట్‌పుట్లు, ఎఫెక్ట్స్ లూప్ విడివిడిగా వినండి. లూప్ జాకుల్లో తుప్పు పడితే శబ్దం వచ్చిపోతుంటుంది, సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన యంత్రాల్లో ఇది మామూలు. ఒక్క కేబుల్‌ని సెండ్ నుంచి రిటర్న్‌కి కలిపితే కుదురుకుంటే లోపం జాక్‌దే, చిన్న పని.

ఎంపీ-1 అయితే లోపల ఎవరైనా మార్పులు చేశారేమో అడగండి. మూడో ట్యూబు కలిపే 3టీఎం మాడిఫికేషన్ చేసినవి బజారులో తిరుగుతుంటాయి. అదేం లోపం కాదు, కొందరికి అదే ఇష్టం. చేసిన సోల్డరింగ్ శుభ్రంగా ఉందో లేదో మూత తీసి చూడనిస్తేనే కొనండి.

కొన్నాక బస్సులోనో విమానంలోనో తెచ్చేటప్పుడు ట్యూబులు ఊడదీసి, ఏది ఏ సాకెట్‌దో రాసి, గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. యంత్రాన్ని ముఖం పైకి ఉండేలా నిలబెట్టకండి, బల్లపరుపుగా పడుకోబెట్టండి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కుదుపులకి బోర్డుని వంచేది నిలబెట్టినప్పుడే.